రంగు నిలబెట్టిన గాలి

కంప్రెసర్ రిపేరంటే తిరగని మిషన్ని తిప్పడమే అనుకుని చాలామంది ఈ పనిలోకి వస్తారు. తిప్పడం తేలిక. మోటారుకు వైండింగ్ చేయించి, పిస్టన్‌కు కొత్త రింగులు వేసి, బెల్టు మారిస్తే ఎంత పాత మిషనైనా తిరుగుతుంది. దాని పక్కన పీట వేసుకుని రోజంతా పని చేసుకునే మనిషికి ఏమీ కాకుండా చూడడమే అసలు పని. పనిలో పెట్టుకునేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు.

నేను మార్కాపురం చుట్టుపక్కల పలకల గనుల్లో, తర్వాత పలకలు పాలిష్ చేసే యూనిట్లలో కంప్రెసర్ మెకానిక్‌గా బతికినవాణ్ని. ఎప్పుడు చేరాను, ఎప్పుడు మేస్త్రీనయ్యాను అనేవి ఇక్కడ రాయను. అవి మా ఇంట్లోవాళ్లకే పట్టవు, మీకెందుకు? ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత మిషన్లు బాగుచేస్తున్నాను. మా వీధివాళ్లు దాన్ని ఖాదర్ గాలి ఆసుపత్రి అంటారు. వాళ్లది ఎగతాళే అయినా ఆ పేరు నాకు నచ్చింది, అందుకే బోర్డు పెట్టలేదు.

తల, పొట్ట

కంప్రెసర్‌కు రెండు భాగాలు. పైన గాలిని పట్టి కుక్కేది తల. కింద ఆ గాలిని దాచుకునే ట్యాంకు పొట్ట. తల చప్పుడు చేస్తుంది కాబట్టి అందరూ దాన్నే పట్టించుకుంటారు. పొట్ట మాట్లాడదు. మనుషుల్లోలాగే ఇక్కడా మాట్లాడనిదానికే ముందు జబ్బు చేస్తుంది.

గాలిలో చెమ్మ ఉంటుంది. గాలిని కుక్కితే ఆ చెమ్మ నీళ్లయి ట్యాంకు అడుగున చేరుతుంది. ఆ నీళ్లు వదలడానికి అడుగున చిన్న కుళాయి ఉంటుంది. రోజూ సాయంత్రం దాన్ని తిప్పి నీళ్లు వదలాలి. మా వైపు ఎవరూ వదలరు. నీళ్లతో పాటు గాలీ పోతుంది గదా, కరెంటు కాల్చి పట్టిన గాలిని ఊరికే వదులుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. దాంతో నీళ్లు లోపలే ఉండి అడుగు ఇనుమును నాకేస్తాయి. బయటికి ఏమీ కనబడదు.

యర్రగొండపాలెం వైపు ఒక టైర్ల దుకాణం ఆయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఆ నీళ్లను నెలల తరబడి ట్యాంకులోనే నిలవబెట్టి, పండగకొకసారి సీసాల్లోకి పట్టి తన ట్రాక్టరు బ్యాటరీలో పోసేవాడు. నేను ఆపబోతే నాకే పాఠం చెప్పాడు. "ఇది గాల్లోంచి దిగిన నీళ్లు సామీ, మన బోరు నీళ్ల మాదిరి సున్నం ఉండదు" అన్నాడు. మా బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ గిన్నెల్ని రోజూ చూసే మనిషికి తప్ప ఇంకెవరికీ ఈ ఆలోచన రాదు. అందులో సగం నిజం కూడా ఉంది. మిగతా సగం సీసాలో గోధుమరంగు చమురై తేలుతోంది, దాన్ని మాత్రం ఆయన చూడలేదు. బ్యాటరీ పోయింది, కొన్నాళ్లకు ట్యాంకూ పోయింది. అసలేమీ తెలియనివాడితో పని చేయవచ్చు. సగం తెలిసినవాడితోనే జాగ్రత్తగా ఉండాలి.

దసరా రంగు

మా వైపు దసరాకు పూజ అందుకోని మిషన్ ఉండదు. నమాజు చేసే నేను కూడా గనిలో పూజనాడు రెంచీల పెట్టె పక్కన నిలబడి కొబ్బరి చిప్ప తీసుకున్నవాణ్నే. పూజతో నాకు పేచీ లేదు. పూజకు ముందు వేసే రంగుతోనే ఉంది.

మా గని యజమానిని అయ్యగారు అనేవాళ్లం. జీతం ఆపిన మనిషి కాదు, నవ్విన మనిషీ కాదు. ప్రతి దసరాకు కంప్రెసర్లన్నిటికీ కొత్త రంగు వేయించేవాడు. పాత రంగు గీకించడు, దాని మీదే వేయిస్తాడు. ఒక ఏడాది రంగులాయన సేఫ్టీ వాల్వుకు కూడా నిండుగా పూశాడు. ట్యాంకులో గాలి మరీ ఎక్కువైతే తనంతట తానే తెరుచుకుని ఈల వేస్తూ గాలిని వదిలేసే వాల్వు అది. దానికో రింగు ఉంటుంది. ఆ రింగు వీలుగా ఉందని నిమ్మకాయల దండ కూడా దానికే కట్టారు.

మా మేస్త్రీ సుబ్బయ్య. రోజూ మిషన్ వేయకముందు ఆ రింగు ఒకసారి లాగి చూడడం ఆయన అలవాటు. పండగ మర్నాడు లాగితే కదల్లేదు, రంగు ఎండి బిగుసుకుపోయింది. ఆయన పని ఆపించి, దండ తెంపి, చాకు తీసుకుని గీకడం మొదలుపెట్టాడు. కూలీలంతా ఖాళీగా కూర్చున్నారు. అయ్యగారు జీపు దిగి వచ్చి, పండగ రంగు గీకుతావా, నిన్నటిదాకా గాలి నిలిచింది గదా అని అడిగాడు.

"నిలిచింది అయ్యా. ఏం నిలబెడతాందో చూస్తాండాను" అన్నాడు మేస్త్రీ, తల ఎత్తకుండా.

అయ్యగారికి కోపం వచ్చింది. ఆ నెలంతా మేస్త్రీతో మాట్లాడలేదు. కానీ మరుసటి దసరాకు రంగులాయన పక్కన తనే నిలబడి, వాల్వు మీద చుక్క పడకూడదని చెప్పాడు. మేస్త్రీకి మాత్రం ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు. ఇలాంటి యజమాని మీకూ దొరుకుతాడు. మెప్పు కోసం చూడకండి, రెండో ఏడాది ఏం చేశాడో చూడండి.

ఇంకొక మాట. ట్యాంకును సుత్తితో తట్టి, చెవి పెట్టి విని, బాగుందని చెప్పే పెద్దమనుషులు మా వృత్తిలో చాలామంది ఉన్నారు. వాళ్లను గౌరవించండి, టీ తాగించండి, నమ్మకండి. రంగు మందంగా ఉంటే పల్చటి ఇనుము కూడా గట్టిగానే మోగుతుంది. వాపు చూసి బలుపు అనుకోవడం మనుషుల విషయంలో చేసినా ఎవరూ చావరు.

సుగుణమ్మ మిషన్

ఏసుదాసు మా గనిలో డ్రిల్లరు. నేను బాగుచేసిన కంప్రెసర్ల గాలితోనే రాయి తొలిచినవాడు. ఆ పలక దుమ్ము అతని ఊపిరితిత్తుల్లో చేరింది. ఇప్పుడు పది అడుగులు నడిస్తే కూర్చోవాలి. వాళ్లది తర్లుపాడు దగ్గర పల్లె. భార్య సుగుణమ్మ కూలికి పోయి ఇల్లు నడుపుతోంది. ఆమె తమ్ముడికి గిద్దలూరులో పంక్చర్ దుకాణం ఉంటే, పనులు లేని ఎండాకాలంలో అక్కడికి పోయి ఆ పని నేర్చుకుంది. ఆడమనిషి టైరు విప్పడమేమిటని నవ్వినవాళ్లకు ఆమె జవాబు చెప్పలేదు, టైరు విప్పింది.

తర్లుపాడు రోడ్డు పక్కన ఒక రేకుల బంకు అమర్చుకున్నారు. గిద్దలూరులో దుకాణం మూసేస్తున్న ఒకాయన దగ్గర పాత కంప్రెసర్ కొన్నారు. ఉన్నదంతా దాని మీదే పెట్టారు. అది నడిస్తే ఆమె దుకాణంలో కూర్చుంటుంది, లేకపోతే మళ్లీ ఎండలో కూలికి. ఇందులో మూడో దారి లేదు.

గూడ్సు ఆటోలో మిషన్ వచ్చింది. నిగనిగలాడే ఎర్ర రంగు, దాని మీద కుంకుమ బొట్లు. తల విప్పితే రింగులు అరిగాయి, వాల్వు పలకలు మసిబట్టాయి, అంతకు మించి జబ్బేమీ లేదు. ఊరికి పోతూ వస్తూ సుగుణమ్మ ప్రతి పనీ దగ్గరుండి చేసింది. మెకానిక్కు కోసం మార్కాపురానికి పరుగెత్తే తీరిక తనకు ఉండదని, చేతిలో పెట్టి నేర్పమని ముందే అడిగింది. ఆమె చెయ్యి మంచిది. నట్టు ఎంత బిగించాలో, ఎక్కడ ఆపాలో ఒకసారి చెప్తే మళ్లీ చెప్పనక్కరలేదు.

బిగించి నడిపాం. నిండుగా పట్టిన గాలి తెల్లారేదాకా నిలిచింది. ఏసుదాసు మీటరు ముల్లు చూసి సంతోషపడ్డాడు. ఇక నీలం రంగు వేయించుకుని పట్టుకుపోవాలని వాళ్ల ఆశ. పాతది గీకకుండా కొత్త రంగు నా షెడ్డులో పడదు. గాలి మొత్తం వదిలేసి, ఇనుప బ్రష్షు, గీకుడు రేకు సుగుణమ్మ చేతికిచ్చాను.

ఎరుపు కింద ఆకుపచ్చ, దాని కింద వెండి రంగు, మళ్లీ ఎరుపు. ఇది మనకంటే ఎక్కువ దసరాలు చేసుకుందని ఆమె నవ్వింది. పొట్ట అడుగుకు వచ్చేసరికి రంగు మందంగా, పెనం మీద దోసె లేచినట్టు ఒక్క రేకుగా లేచింది. తర్వాత కొంచెమే గాలి పట్టి సబ్బు నీళ్లు రాశాను. అడుగున ఆవగింజలంత బుడగలు వరసగా లేచాయి.

ఆమె చేతిలో బ్రష్షు అట్లాగే ఉంది.

"నేనే చిల్లు పెట్టినానా అన్నా?" అంది.

నేను నోరు తెరిచే లోపల ఏసుదాసు అన్నాడు: "తెల్లారేదాకా నిలిచిందే. గీకకుండా ఉంటే పోయుండేది గాదా."

అతను కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఆమెకు ఇంకా లోతుగా తగిలింది. ఆ చిల్లులు ఏళ్ల కిందటివి, రంగు వాటిని మూసి ఉంచింది, పైన పటారం లోన లొటారం అని నేను చెప్పాను. ఆమె విన్నట్టు లేదు. రాత్రి నిలిచిన గాలి, తన చెయ్యి పడ్డాక పోయింది. ఆ లెక్క ముందు నా మాట ఏం పనిచేస్తుంది?

అతుకు

మర్నాడు ఆమె తేరుకుని వచ్చి, చిల్లుల మీద ఒక ముక్క అతికించమంది. అతకనన్నాను. చిల్లు పడ్డ చోటే కాదు, దాని చుట్టూ ఇనుము అరిగి ఉంటుంది. చిరిగిన గుడ్డకు గట్టి అతుకు వేస్తే అతుకు ఉంటుంది, పక్కన గుడ్డ చిరుగుతుంది. ఇది కుట్టుపని చేసే ఏ ఆడమనిషికైనా తెలుసు. ఆమెకూ తెలుసు. కానీ తెలిసినదాన్ని ఒప్పుకోవాలంటే మళ్లీ కూలికి పోవాలి.

"నువ్వు వెయ్యకపోతే వేసేవాళ్లు ఉన్నారన్నా. నాకు దుకాణం కావాల" అంది.

కాదనే హక్కు నాకు లేదు, మిషన్ ఆమెది. ఎవరి చేత వేయించుకున్నా సరే, గాలి పట్టకముందు ఒక్కసారి నా దగ్గరికి తీసుకురమ్మని మాత్రం అడిగాను. ఆమె ఆటోవాణ్ని పిలిచింది. మిషన్ ఎక్కించుకుని ఆటో వెళ్లిపోయింది. ఈ పనిలో నిర్లిప్తంగా ఉండాలని ఇక్కడ రాద్దామనుకున్నాను గానీ, ఆ రెండు మూడు రోజులు ఆటో చప్పుడైనప్పుడల్లా వాకిట్లోకి వచ్చి చూశాను.

తెచ్చింది. నా మాట తప్పని నాకు చూపించడానికే తెచ్చిందని ఆమె ముఖం చెబుతోంది. అతుకు ముచ్చటగా ఉంది. వేసిన వెల్డరు పనివాడు, అతని మీద ఒక్క మాట కూడా అననివ్వను.

నీళ్ల పరీక్ష

గాలి ట్యాంకును గాలితో పరీక్షించకూడదు, నీళ్లతో పరీక్షించాలి. గాలి నొక్కితే నొక్కుకుపోయి, దారి దొరికితే ఒక్క ఊపున ట్యాంకును పేల్చుకుని పైకి లేస్తుంది. నీళ్లు నొక్కుడు పడవు. ట్యాంకును నోటిదాకా నీళ్లతో నింపి, చేతిపంపుతో ఒత్తిడి పెంచితే, బలహీనంగా ఉన్న చోట చీలి, నీళ్లు కారి, అక్కడికి ఆగుతుంది. ఇంత మంచి పరీక్ష మా వైపు ఎవరూ చేయరు. కారణం, నీళ్లు. కుళాయి రాని రోజు డ్రమ్ము నీళ్లు ఇనుప పొట్టలో పోస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి ఉర్దూలో తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

పంపు నేను కొట్టలేదు. సుగుణమ్మ చేతికిచ్చాను. ఏసుదాసు స్టూలు మీద కూర్చుని మీటరు చూస్తున్నాడు. ఆమె పంపు కొట్టే కొద్దీ ముల్లు లేస్తోంది. అతుకు చుట్టూ ఒక్క చుక్క లేదు. ఆమె నా వైపు చూసి ఇంకొంచెం గట్టిగా కొట్టింది. పంక్చర్ దుకాణంలో రోజూ పట్టుకునేంత ఒత్తిడికి ముల్లు ఇంకా చేరలేదు, పొట్టలో టప్పుమని చిన్న చప్పుడు. అతుకుకు ఆనుకుని ఇనుము అరచేయంత పొడుగున చీలింది. నీళ్లు ఆమె పాదాల మీదుగా పారి గుమ్మం దాటాయి. అంతే జరిగింది.

ఆమె తడిసిన పాదాలు చూసుకుంది.

"ఇది గాలైతే?"

"ఆ చీలిక ముందర నువ్వు పీట వేసుకుని కూర్చోనుంటావమ్మా" అన్నాను.

ఏసుదాసు లేచి వచ్చి, కూర్చుని, చీలిక అంచును రెండు వేళ్లతో పట్టుకున్నాడు. బతుకంతా రాయి తొలిచిన చెయ్యి, మందం ఆ వేళ్లకు తెలుసు.

"ఇది ఇనుము గాదు, పలక పెచ్చు" అన్నాడు. తర్వాత ఆయాసం తీర్చుకుని, "నువ్వు చిల్లు పెట్టలేదు సుగుణా. నేనే తప్పు మాట అన్నా" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది ఆమె. మిషన్ పోయినందుకో, ఆ మాటకో నేను అడగలేదు. నాకు మాత్రం సంతోషం కలగలేదు. ఒక మనిషి కూడబెట్టుకున్నది నేల మీద నీళ్లయి పారుతుంటే, నేను చెప్పిందే నిజమైందని సంబరపడేవాడు ఈ వృత్తికి పనికిరాడు. మా ఆవిడ వచ్చి, ఈసారి తిట్టకుండా, మిగిలిన నీళ్లు బకెట్టుకు పట్టి ఆమెకు కాళ్లు కడుక్కోవడానికి ఇచ్చింది.

పలకలవాళ్ల ట్యాంకు

తల మంచిదే, పొట్ట పోయింది. అయితే తల పోయి పొట్ట మంచిగా ఉన్నది వెతకాలి. నేను ఒకప్పుడు పనిచేసిన పాలిష్ యూనిట్లో అలాంటిది ఒకటి మూలన పడి ఉందని గుర్తొచ్చింది. పలక మీది దుమ్మును గాలితో ఊదేటప్పుడు ఆ గాలిలో ఒక్క నీటి చుక్క వచ్చినా పలక మీద మరక పడుతుంది. మరక పడ్డ పలకను కొనేవాళ్లు తిప్పి పంపుతారు. అందుకని పలకలవాళ్లు మా అందరికంటే బుద్ధిమంతులు, రోజూ ట్యాంకు నీళ్లు వదులుతారు. ట్యాంకు మీద ప్రేమతో కాదు, పలక మీద భయంతో. ఏదైతేనేం, ఇనుము మిగిలింది.

యూనిట్ యజమాని దాన్ని ఊరికే ఇవ్వలేదు, ఇవ్వనవసరమూ లేదు. సుగుణమ్మ ఆ వేసవి ఆయన యూనిట్లో పలకలు సర్ది బాకీ తీర్చింది. దుకాణం అన్నాళ్లు వెనక్కి పోయింది. బంకు ముందు ఏసుదాసు ఒక్కడే కూర్చుని, ఎప్పుడు తెరుస్తారని అడిగేవాళ్లకు రేపో మాపో అని చెప్పేవాడట. ఈ ట్యాంకుకూ రంగంతా గీకి, నీళ్లు నింపి, ఆమె చేతనే పంపు కొట్టించాను. పనికి కావలసినదానికంటే బాగా ఎక్కువకు తీసుకుపోయి ఆపాం. పొడిగా ఉంది. నీళ్లు వదిలి, పాత తల దీని మీద బిగించి గాలి పట్టాక, సబ్బు నీళ్లు కూడా రాయమని ఆమే అడిగింది. రాశాం.

తర్లుపాడు రోడ్డు

మొన్న అటువైపు పోతూ స్కూటరుకు గాలి పట్టించుకుందామని ఆగాను. మిషన్ పైభాగం నీలం. అడుగు మాత్రం ఉట్టి ఇనుము, చమురు పూసి ఉంచింది. పాత ట్యాంకును నిలువునా కోయించి, అరగని పైసగాన్ని వెల్లకిలా పెట్టి, ట్యూబులు ముంచి చూసే నీళ్ల తొట్టి చేసుకుంది. ఏసుదాసు తొట్టి పక్కన కూర్చుని ట్యూబు తిప్పుతూ బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తున్నాడు. ఆ పనికి ఊపిరి ఎక్కువ అక్కరలేదు.

ఇంతలో ఒక పాలాయన మోటారుసైకిలు ఆపాడు. రెండు వైపులా క్యాన్లు. వెనక టైరులో మేకు దిగి ఉంది, దాని తల బయటికి మెరుస్తోంది. తను యర్రగొండపాలెం దాకా పోవాలని, తొందరగా ఉందని, మేకు జోలికి పోకుండా గాలి మాత్రం కొట్టమని చెప్పాడు. పొద్దున్నుంచీ గాలి నిలుస్తూనే ఉంది గదా అన్నాడు.

సుగుణమ్మ వంగి టైరు చూసింది. పట్టకారు తీసుకుంది.

"నిలుస్తాంది. నిలబెడతాండేది టైరు గాదు పెద్దయ్యా, మేకు" అంది.

ఆయన వద్దనేలోపే లాగేసింది. గాలి బుస్సుమని పోయింది. పాలాయన క్యాన్ల వైపు చూసి ఉసూరుమంటూ పీట మీద కూర్చున్నాడు. ఆమె చక్రం విప్పడం మొదలుపెట్టింది.